దసరా సెలవుల్లో ఖీర్‌గంగ వేడినీటి గుండం: దారి, టైము, స్నానం

మీరు అడిగింది ఇది: హైదరాబాద్ నుంచి నలుగురు, వాళ్లలో 56 ఏళ్ల అమ్మగారు, ఆవిడకి బీపీకి రోజూ ఒక మాత్ర. దసరా సెలవుల్లో హిమాచల్‌లోని ఖీర్‌గంగ ఎక్కి, వేడినీటి గుండంలో స్నానం చేసి, అదే రోజు దిగి రావచ్చా? గైడ్ కావాలా? నీళ్లు శుభ్రంగా ఉంటాయా?

ముందు సూటిగా చెప్పేస్తాను. అదే రోజు దిగే ఆలోచన మానేయండి. నక్తాన్ ఊరి మీదుగా వెళ్తే గైడ్ అక్కర్లేదు, కల్గా అడవి దారి అయితే తప్పకుండా కావాలి. నీళ్లు పారుతూనే ఉంటాయి కాబట్టి నిల్వ నీళ్లంత చెడ్డవి కావు, అలాగని నోట్లో పోసుకునేంత మంచివీ కావు. అమ్మగారి విషయం కొంచెం వివరంగా చెప్పాలి, కింద చెప్తాను. ఈ దారిలో మనవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా రెండు చోట్ల. బస్సు దిగి నడక మొదలుపెట్టే ఊరు బర్షైనిలో ఆలస్యంగా బయల్దేరడం ఒకటి, గుండంలో ఎక్కువసేపు కూర్చోవడం రెండోది. ఈ రెండూ మీ చేతిలో ఉన్నవే.

కాలం విషయానికొస్తే, సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు చివరిదాకా ఇక్కడికి అన్నింటికన్నా మంచి సమయం. వానలు వెనక్కి తగ్గుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది, మట్టి గట్టిపడుతుంది. పగలు నడుస్తుంటే స్వెటర్ అక్కర్లేదు, రాత్రి మాత్రం అక్టోబరు చివరికి సున్నా డిగ్రీల దగ్గరికి పోతుంది. మే, జూన్ కూడా బాగానే ఉంటుంది కానీ జనం విపరీతం. జూలై, ఆగస్టు నెలలు మాత్రం ఎవరు ఎంత చవకగా ప్యాకేజీ ఇచ్చినా వద్దు. 2022 జూలైలో బర్షైని వెళ్లే దారిలోని మణికరణ్ దగ్గర చోజ్ ఊరి వాగు మీద కుండపోత పడి ఒడ్డున ఉన్న గుడారాలు కొట్టుకుపోయాయి. 2023 జూలై వరదల్లో కసోల్, మణికరణ్ వైపు రోడ్లు తెగి పర్యాటకులు రోజుల తరబడి ఇరుక్కుపోయారు. డిసెంబరు నుంచి మార్చి దాకా అడవి భాగమంతా మంచు. బూట్లకి కింద మేకుల పట్టీలు తగిలించుకుని నడిచే అలవాటు లేనివాళ్లకి అది సరిపడదు.

దసరా అన్నారు కాబట్టి ఒక మెలిక చెప్పాలి. మన దగ్గర విజయదశమితో పండగ ముగుస్తుంది, కుల్లూలో ఆ రోజే మొదలవుతుంది. ఢాల్‌పూర్ మైదానంలో వారం రోజులు సాగుతుంది, చుట్టుపక్కల లోయల దేవతలందరినీ పల్లకీల్లో తెస్తారు. చూడదగ్గదే. కానీ ఆ వారం కుల్లూలోనూ, బర్షైని బస్సు ఎక్కే భుంతర్‌లోనూ గదులు దొరకవు, బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు. సెలవులు మారవు కదా, అందుకని భుంతర్‌లో రాత్రి ఉండే పని పెట్టుకోకుండా పొద్దున్నే బస్సు దిగి నేరుగా పైకి వెళ్లిపోయేట్టు చూసుకోండి.

హైదరాబాద్ నుంచి విమానంలోనో రైల్లోనో ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి మనాలీ బస్సు. టికెట్ మనాలీకి కాకుండా భుంతర్‌కి తీసుకోండి, డ్రైవర్‌కి ఎక్కేటప్పుడే చెప్పండి, లేకపోతే నిద్రలో కుల్లూ దాటేస్తారు. చండీగఢ్ దాకా విమానంలో వెళ్లి సెక్టార్ 43 బస్టాండ్ నుంచి పగటి బస్సు ఎక్కితే అమ్మగారికి శ్రమ తక్కువ. భుంతర్ నుంచి బర్షైనికి సుమారు 50 కిలోమీటర్లు, ప్రభుత్వ బస్సులో మూడు గంటల దాకా పడుతుంది. రోడ్డు సన్నం, ఎదురుగా ఇంకో బస్సు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు అరగంట ముందే మాత్ర వేసుకుని ముందు సీట్లలో కూర్చోవాలి. ఏటీఎం పని కసోల్‌లోనే ముగించండి. బర్షైని దాటితే ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడటానికి లేదు, సిగ్నల్ లేకపోతే యూపీఐ లేదు. మనిషికి మూడు వేలు, అందులో సగం వందలు, యాభైలుగా ఉంటే చిల్లర బాధ ఉండదు.

నది గురించి ఇక్కడే చెప్పాలి. 2014 జూన్ 8న మండి జిల్లాలో థలోట్ దగ్గర, పైన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదలడంతో, బియాస్ నదిలో బండల మీద ఉన్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వార్త మన ఇళ్లలో అందరికీ గుర్తుంది, అయినా కసోల్‌లో ఫొటో కోసం పార్వతి నది మధ్య బండ ఎక్కేవాళ్లు రోజూ కనిపిస్తారు. బర్షైని దగ్గరే పార్వతి జలవిద్యుత్ ప్రాజెక్టు డ్యాం ఉంది. దాని దిగువనున్న నది కసోల్, మణికరణ్ మీదుగానే పారుతుంది. ఎండ కాస్తుంటే నీళ్లు ఎందుకు పెరుగుతాయి అనుకోవద్దు. పైనెక్కడో వాన పడ్డా, గేట్లు ఎత్తినా మీకు ముందుగా తెలిసేది నీటి చప్పుడు మారడమే, అప్పటికి పరిగెత్తే టైము ఉండదు. తడి బండ దాకా వెళ్లకండి, అంతే.

ఇక నడక. బర్షైని సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఖీర్‌గంగ 2,950 మీటర్ల దగ్గర. అంటే ఎక్కాల్సింది 750 మీటర్లు, దూరం పది పన్నెండు కిలోమీటర్లు. కాగితం మీద తేలికగానే కనిపిస్తుంది, కానీ ఎక్కుడు దారి పొడుగునా ఒకేలా లేదు. కష్టమంతా చివరి సగంలో ఉంది.

నక్తాన్ దారి ఇలా సాగుతుంది. బర్షైనిలో బస్సు ఆగే చోటు నుంచి కిందికి దిగి, తోష్ వాగు మీద వంతెన దాటి, ఎండ పడే కొండవాలు మీదుగా నక్తాన్ ఊరికి ఎక్కాలి. గంట, గంటన్నర పడుతుంది. చెక్క ఇళ్లు, పలక రాళ్ల కప్పులు, యాపిల్ తోటలు. ఈ దారిలో ఇదే ఆఖరి ఊరు. తోటల్లో చెట్టున ఉన్న కాయ కోయకండి, అది వాళ్ల ఏడాది ఆదాయం. నక్తాన్ దాటాక దారి కొంచెం చదునుగా సాగి రుద్రనాగ్ చేరుతుంది. అక్కడ బండ మీదుగా పాములా మెలికలు తిరిగి దూకే జలపాతం, చిన్న గుడి, టీ దుకాణాలు ఉంటాయి. స్థానికులకు అది పుణ్యస్థలం, ఆ నీళ్లలో కాళ్లు పెట్టి ఆడొద్దు. ఇక్కడ పది నిమిషాలు కాదు, అరగంట ఆగండి, ఏదైనా తినండి. ఎందుకంటే దీని తర్వాత వంతెన మీద పార్వతి నది దాటి అవతలి ఒడ్డుకి వెళ్తారు, అక్కడి నుంచి దేవదారు అడవిలో ఎక్కుడే ఎక్కుడు. చెట్ల వేళ్లు మెట్లలా ఉంటాయి, వాటి మధ్య మట్టి, ఎండ పడదు కాబట్టి వాన ఆగిన రెండు రోజుల దాకా తడిగానే ఉంటుంది. తడి వేరు మీద కాలు వేయకుండా వేరుకి పైనున్న మట్టి మీద వేయాలి. ఇక్కడ చీలమండ మెలిపడేవాళ్లలో ఎక్కువమంది వేళ్ల మీద జారినవాళ్లే, అది కూడా దిగేటప్పుడు.

ఈ దారిలో సరుకు మోసే కంచర గాడిదలు ఎదురొస్తాయి. గంటల చప్పుడు వినగానే కొండ వైపుకి ఒదిగి నిలబడాలి, లోయ వైపు ఎప్పుడూ నిలబడకూడదు. వాటి వీపు మీద గ్యాస్ సిలిండర్లు పక్కకి పొడుచుకొచ్చి ఉంటాయి, గాడిద తనకెంత చోటు కావాలో చూసుకోదు. గుంపులో చివరి గాడిద వెళ్లేదాకా కదలకండి.

కల్గా దారి నదికి మొదటి నుంచీ అవతలి ఒడ్డునే ఉంటుంది. అడవి చిక్కన, నీడ బాగుంటుంది, జనం తక్కువ, ఫొటోలు బాగా వస్తాయి, అందుకే వీడియోల్లో దీన్నే చూపిస్తారు. కానీ దుకాణాలు చాలా తక్కువ, పశువుల దారులు అడ్డదిడ్డంగా చీలతాయి, చరియలు విరిగిన చోట దారి ఏడాదికొకలా మారుతుంది. పార్వతి లోయలో ఒంటరిగా వెళ్లి కనిపించకుండా పోయినవాళ్ల గురించి ఏళ్లుగా వార్తలు వస్తూనే ఉన్నాయి. ఎక్కేటప్పుడు నక్తాన్, దిగేటప్పుడు కల్గా అని ప్లాన్ చేసేవాళ్లు ఎక్కువ. దిగేటప్పుడు అలసట, తొందర రెండూ ఉంటాయి, తప్పిపోవడానికి అంతకన్నా ఏం కావాలి. అమ్మగారు ఉన్నారు కాబట్టి రెండుసార్లూ నక్తానే. బాగా నడిచే మిగతావాళ్లకి కల్గా చూడాలని ఉంటే స్థానిక గైడ్‌ని బర్షైనిలోనో కల్గాలోనో మాట్లాడుకోండి, డబ్బు ఎంతో, అందులో తిండి కలిసిందో లేదో బయల్దేరకముందే తేల్చుకోండి.

టైము లెక్క. రాను పోను ఇరవై కిలోమీటర్లకు పైగా. అలవాటు లేనివాళ్లకి ఎక్కడానికి అయిదు గంటలు, దిగడానికి నాలుగు. మధ్యలో తిండి, స్నానం కలిపి కనీసం రెండు గంటలు. మొత్తం పదకొండు. అక్టోబరులో సూర్యుడు శిఖరాల వెనక్కి పోయేది తొందరగానే, అడవిలో అయిదున్నరకే చీకటి. పొద్దున ఆరుకి బయల్దేరితే తప్ప ఈ లెక్క కుదరదు, అలా కుదిరినా వేడి నీళ్లలో నానిన కాళ్లతో వేళ్ల మీదుగా దిగడం అనేది ఆ రోజంతటిలో చెత్త ఆలోచన. వేడికి కండరాలు వదులవుతాయి, మోకాలు పట్టు ఇవ్వదు, తడి జుట్టు మీద చల్లగాలి. అందుకే రాత్రి పైనే ఉండండి.

ఇక్కడ ఒక చిక్కుంది. 2018లో హైకోర్టు ఆదేశాలతో ఖీర్‌గంగలో గుడారాలు, దుకాణాలు అన్నీ తీసేశారు. ఆ తర్వాత నియమాలు మారుతూ వచ్చాయి. ఇంటర్నెట్‌లో బుకింగ్ అయింది కదా అని నమ్మకుండా, బర్షైనిలో బస్సు దిగగానే ఇప్పుడు పైన రాత్రి ఉండనిస్తున్నారా అని ఒక దుకాణంలోనూ, కిందికి దిగి వస్తున్న ఇద్దరినీ అడగండి. దారిలో పేర్లు రాసుకునే చెక్‌పోస్టు ఉంటే నలుగురి పేర్లూ రాయించండి, తప్పించుకుని పోవద్దు, రేపు ఎవరైనా వెతకాల్సి వస్తే మొదలయ్యేది ఆ పుస్తకం నుంచే. పైన ఉండనివ్వకపోతే నక్తాన్‌లో గది తీసుకోండి. గంటకు పైగా నడక తగ్గిపోతుంది, అక్కడి నుంచి అయితే ఒకే రోజులో వెళ్లి రావడం బాగా నడిచేవాళ్లకి సాధ్యమే.

ఏ ప్లాన్ అయినా ఒక గీత గీసుకోండి. పైన రాత్రి ఉండేట్టయితే మధ్యాహ్నం పన్నెండుకల్లా, ఒకే రోజు ప్లాన్ అయితే పదింటికల్లా రుద్రనాగ్ వంతెన దాటి ఉండాలి. దాటకపోతే వెనక్కి. నలుగురిలో ఒకరు వెనకబడినా ఇదే మాట. ముందు వెళ్లినవాళ్లు పైన ఎదురుచూస్తాం అనడం వల్లే గుంపులు విడిపోతాయి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి, చివర టార్చ్, మందుల సంచి ఉన్న మనిషి ఉండాలి.

మీకు అనుకూలమైన వరుస ఇది. మొదటి రోజు పొద్దున భుంతర్‌లో దిగి, మధ్యాహ్నానికి బర్షైని చేరి, అక్కడో నక్తాన్‌లోనో రాత్రి ఉండండి. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి ఒక్కసారిగా దాదాపు మూడు వేల మీటర్లకి పోయి పడుకుంటే తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మామూలే, మధ్యలో ఒక రాత్రి ఆగితే చాలావరకు తగ్గుతుంది. రెండో రోజు ఏడున్నరకి నడక, ఒంటిగంటకి పైన. మూడో రోజు తెల్లవారుజామున ఇంకోసారి స్నానం కావాలంటే చేసి, ఒళ్లు ఆరాక, టిఫిన్ తిని తొమ్మిదికి దిగడం. బర్షైని నుంచి కిందికి ఆఖరి బస్సు ఎప్పుడో వచ్చేటప్పుడే కండక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు గుండం. పచ్చిక మైదానం పైఅంచున, గుడారాలూ దుకాణాలూ ఉండే చోటు నుంచి ఇంకొంచెం ఎక్కితే వస్తుంది. వాలులోంచి ఊరే వేడినీళ్లను కాలువగా మళ్లించి సిమెంటు తొట్టిలోకి వదిలారు. మగవాళ్లది ఆరుబయట, ఎదురుగా మంచు శిఖరాలు. ఆడవాళ్లది పక్కనే గోడలు కట్టి మూసిన తొట్టి. దగ్గరే శివుడి గుడి. కార్తికేయుడు, అంటే మన కుమారస్వామి, ఇక్కడ తపస్సు చేశాడని నమ్మకం. నీళ్లలో తెల్లటి తరకల్లాంటివి తేలుతుంటాయి, మురికి అనుకుని కంగారు పడకండి, అవి పుట్టుకతోనే ఆ నీళ్లతో వచ్చేవి. కోడిగుడ్డు చెడిన వాసన లీలగా తగలొచ్చు, అది గంధకం.

ఈ లోయలో అగ్నిపర్వతం ఏదీ లేదు. వాన, మంచు నీళ్లు రాతి పగుళ్లలోంచి చాలా లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి, ఇంకో పగులు దొరికిన చోట పైకి తన్నుకొస్తాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వేడినీళ్లు ఉబకడానికి కారణం కూడా భూమి లోతుల్లోని వేడే, అక్కడా అగ్నిపర్వతం లేదు. ఎంత వేడిగా బయటికొస్తాయి అన్నది దారిలో చల్లనీళ్లు ఎంత కలిశాయన్నదాన్ని బట్టి. మణికరణ్‌లో తొంభై డిగ్రీలు దాటి వస్తాయి, గురుద్వారాలో లంగరు, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం కోసం బియ్యం, పప్పు ఆ నీళ్లలోనే ఉడికిస్తారు. ఖీర్‌గంగలో ఒంటికి పట్టేంత వేడి. కానీ ఒకే తొట్టిలో ధార పడే మూల ఒక వేడి, అవతలి మూల ఇంకో వేడి. వాన పడ్డ మర్నాడు తగ్గుతుంది, పొడి రోజుల్లో పెరుగుతుంది.

కాబట్టి దిగే పద్ధతి ఇలా ఉండాలి. పైకి చేరగానే చెమటతో నేరుగా దిగొద్దు. ముందు కూర్చుని అర లీటరు నీళ్లు తాగి, ఏదైనా తిని, గంట ఆగండి. తర్వాత బయట ఉండే ధార కింద ఒళ్లు కడుక్కోవాలి, సబ్బు లేకుండా. సబ్బు, షాంపూ అక్కడ నిషేధం, తర్వాత వచ్చే వందమందీ కూర్చునేది ఆ నీళ్లలోనే. మనవాళ్లకి పుణ్యతీర్థం అనగానే తలకి నూనె పెట్టుకుని తలంటుకునే అలవాటు ఉంటుంది, ఇక్కడ వద్దు, నూనె పొర తొట్టి మీద తెట్టులా కట్టేస్తుంది. ముంజేతి లోపలి వైపు నీళ్లలో పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి, ఓర్చుకోగలిగితే కాలు పెట్టండి. ధారకి దూరంగా ఉన్న మూల నుంచి, గోడ పట్టుకుని, కూర్చుని జరుగుతూ దిగాలి. అడుగున పాచి, రబ్బరు చెప్పులు కూడా జారతాయి.

మొదటిసారి ఎనిమిది పది నిమిషాలు చాలు. బయటికొచ్చి గట్టు మీద అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ దిగొచ్చు. అన్నీ కలిపి అరగంట దాటకూడదు. పదకొండు కిలోమీటర్లు నడిచి వచ్చిన ఒంటికి వేడి నీళ్లు ఎంత హాయిగా ఉంటాయంటే, బయటికి రావాలనిపించదు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. వేడికి చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, రక్తం అటు పోతుంది, నడకలో ఒంట్లో నీళ్లు ఎలాగూ తగ్గి ఉంటాయి, ఒక్కసారిగా లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. సిమెంటు గట్టు మీద తల పగిలేది ఇలాగే. లేచేటప్పుడు ముందు గట్టు మీద కూర్చుని, కాళ్లు మాత్రం నీళ్లలో ఉంచి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు నిలబడాలి. పక్కన మనిషి లేకుండా ఎవరూ దిగొద్దు. మందు కొట్టి అసలు దిగొద్దు.

తల ముంచకండి, ముక్కులోకి నీళ్లు పోనివ్వకండి. వెచ్చటి మంచినీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకి ఎక్కుతుంది. అరుదే, కానీ ఎక్కితే బతకడం కష్టం, కేరళ కేసులు వార్తల్లో చూసే ఉంటారు. మునిగితేనే పుణ్యం అనుకునేవాళ్లు దోసిలితో నీళ్లు నెత్తిన చల్లుకుంటే సరిపోతుంది. కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. కాలికి బొబ్బ చిట్లి పుండు పడి ఉంటే ఆ మనిషి ఒడ్డునే ఉండాలి.

ఆడవాళ్లకి ఇంకో మాట. వెండి పట్టీలు, మెట్టెలు తీసి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకోండి, గంధకానికి వెండి నల్లబడుతుంది. బంగారానికి ఏం కాదు. నల్లబడ్డా పాడైనట్టు కాదు, ఇంటికొచ్చి విభూతితో తోమితే పోతుంది. లోపలికి ముదురు రంగు కుర్తా, లెగ్గింగ్స్ అయితే తడిసినా ఇబ్బంది ఉండదు. మూసిన తొట్టి అయినా లోపల ఎవరి చేతిలోనూ ఫోన్ లేకుండా చూసుకోండి, కనిపిస్తే మొహమాటపడకుండా బయట పెట్టించండి. మగవాళ్ల వైపు కూడా గుడి ముందున్న చోటే కదా, నిక్కరు మోకాళ్ల దాకా ఉండాలి.

బయటికి రాగానే మొదటి పని తల తుడుచుకోవడం. అక్టోబరు సాయంత్రం అయిదు దాటితే గాలి కోసేస్తుంది, గుండం వేడి ఒంట్లో పది నిమిషాలు కూడా నిలవదు. తడి బట్టలు అక్కడికక్కడే మార్చుకుని, పొడి సాక్సులు, స్వెటర్, మంకీ క్యాప్ వేసుకుని అప్పుడు కిందికి నడవాలి. మార్చుకునే బట్టలు గుడారంలో వదిలేసి టవల్ చుట్టుకుని పైకి పోయేవాళ్లే రాత్రంతా వణుకుతారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి పడుకునేలోపు తాగండి. ఖనిజాల నీళ్లకి చర్మం పొడిబారి దురద పెడుతుంది, నూనె రాసుకుంటే తగ్గుతుంది. కొబ్బరినూనె సీసా ఆ చలికి రాయిలా గడ్డకడుతుంది, నువ్వుల నూనె తెచ్చుకోండి.

తాగడానికి ఆ గుండం నీళ్లు, పక్కన పారే వాగు నీళ్లు రెండూ వద్దు. పైన పశువులు తిరుగుతాయి, గుడారాల మరుగుదొడ్లూ ఉంటాయి. బర్షైనిలో మనిషికి రెండు లీటర్లు నింపుకోండి, పైన దుకాణంలో మరిగించిన నీళ్లు అడిగి సీసాలో పోయించుకోండి, అదే సీసా రాత్రి దుప్పట్లో కాళ్ల దగ్గర పెట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. తిండి పరాఠాలు, రాజ్మా అన్నం, మ్యాగీ. మన నోటికి చప్పగా ఉంటుంది, చిన్న డబ్బాలో కందిపొడి, ఆవకాయ వేసుకెళ్లండి. నడకలో తినడానికి పల్లీ చిక్కీలు, ఖర్జూరాలు.

సామాను పెంచకండి. మనిషి వీపు మీద ఆరు కిలోలు దాటితే ఆ అడవి ఎక్కుడులో ప్రతి వందగ్రాములూ తెలుస్తాయి. బూట్లకి అడుగున లోతైన గాట్లు ఉండాలి, జిమ్ బూట్లు పనికిరావు. కొత్తవైతే మూడు వారాల ముందే వేసుకుని తిరగండి, బొబ్బలు వచ్చేది కొత్త బూట్లతోనే. వానకోటు, తలకి కట్టుకునే టార్చ్, ఇద్దరికొకటి చొప్పున చేతికర్ర, ముఖ్యంగా దిగేటప్పుడు. పారాసిటమాల్, బొబ్బల పట్టీలు, క్రేప్ బ్యాండేజ్, వాంతుల మాత్రలు. చెత్తకి ఒక సంచి, చిక్కీ కవర్లతో సహా కిందికే రావాలి. లోయ పైభాగమంతా 2010లో ప్రకటించిన ఖీర్‌గంగ నేషనల్ పార్కు, మంట కోసం కట్టెలు కొట్టడం కూడా తప్పే.

దారిలో ఎవరో ఒకరు చరస్, అంటే గంజాయి మొక్క నుంచి తీసే మత్తుపదార్థం, అమ్మజూపుతారు. ఈ లోయలో అది ఎంత మామూలుగా కనిపించినా నేరం నేరమే. భుంతర్ రోడ్డు మీద పోలీసులు సంచులు వెతుకుతారు. అపరిచితుల పొట్లం మోసిపెట్టడానికి కూడా ఒప్పుకోవద్దు.

ఇక అమ్మగారు. వయసు అడ్డం కాదు, మోకాళ్లు, బీపీ చూసుకోవాలి. ఇప్పటి నుంచి ఆరు వారాలు టైముంటే వారానికి అయిదు రోజులు గంట నడక, అందులో మూడు రోజులు మెట్లు. పది అంతస్తులు ఎక్కి దిగడం అయిదుసార్లు, మధ్యలో కొంచెం ఆగుతూ, మోకాలి నొప్పి లేకుండా చేయగలిగితే ఖీర్‌గంగ చేయగలరు. దిగేటప్పుడు నొప్పి వస్తే అదే జవాబు. ఆ రోజు గుర్రం ఎక్కిద్దాంలే అనుకోకండి, కంచర గాడిదలు సరుకుకే ఉన్నాయి. బర్షైని పైన అంబులెన్సు రాదు, నడవలేనివాళ్లని మనుషులే మోసుకురావాలి, పెద్దాసుపత్రి కుల్లూలో.

బీపీ మాత్ర ఏ రోజూ మానకూడదు, ఆ చలిలో, ఎక్కుడులో అదే కావాలి. కానీ మాత్ర కూడా బీపీ తగ్గిస్తుంది, వేడి నీళ్లూ తగ్గిస్తాయి. రెండూ కలుస్తాయి కాబట్టి ఆవిడ నడుము దాకానే దిగి, అయిదు నిమిషాల్లో బయటికి రావాలి, చేయి పట్టుకుని ఒకరు ఉండాలి. వాడేది నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) అయితే, లేదా గుండె వేగం తగ్గించేది అయితే, వెళ్లేముందు డాక్టర్‌ని ఎత్తు, వేడినీళ్లు రెండూ చెప్పి అడగండి. షుగర్ కూడా ఉంటే పాదాలకి స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి ఎంతో కాలికి తెలియదు, ఇంకొకరు చేత్తో చూసి చెప్పాలి. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు ఈ గుండంలో దిగకపోవడమే మంచిది. పైన తలనొప్పితో పాటు వాంతులు, తూలడం ఉంటే పొద్దున చూద్దాం అనొద్దు, తోడు పెట్టుకుని కిందికి దిగడమే మందు.

మెట్ల పరీక్షలో మోకాలు ఒప్పుకోలేదనుకోండి, ఆవిడ వేడినీటి స్నానం వదులుకోనక్కర్లేదు. మణికరణ్‌లో గురుద్వారా లోపలే స్నానపు కుండాలున్నాయి, ఆడవాళ్లకి వేరుగా, చల్లనీళ్లు కలిపి ఒంటికి పట్టేట్టు చేసినవి. బస్సు అక్కడే ఆగుతుంది, వంతెన దాటితే గురుద్వారా. తలకి గుడ్డ కప్పుకోవాలి, లంగరులో భోజనం ఉచితం, ఉండటానికి గదులు కూడా ఇస్తారు. మీలో ఒకరు ఆవిడతో ఆగి మిగతా ముగ్గురు పైకి వెళ్లొచ్చు. మణికరణ్‌లో చూసుకోవాల్సింది ఒక్కటే. కుండాలు తప్ప బయట నది ఒడ్డున, గోడల పక్కన ఆవిరి లేస్తున్న చోట ఎక్కడా చేయి పెట్టకూడదు, చెప్పులు విప్పి నడవకూడదు. అక్కడ ఊరే నీళ్లు అన్నం ఉడికించేవే.